ఆ సీటు కట్టిన పనితనం

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయంటే కొత్తచెరువు టీ అంగళ్ల దగ్గర మొదట వినిపించే ప్రశ్న "ఎవరు నిలబడుతున్నారు?" అని కాదు. "రిజర్వేషన్ ఏమొచ్చింది?" అని. జనరలా, బీసీనా, ఎస్సీనా? దాని పక్కన 'మహిళ' అని ఉందా, లేదా? జాబితాలో అది ఒక చిన్న గడి. అందులో ఆ మాట ఉంటే ఊళ్లో లెక్కలన్నీ తారుమారవుతాయి. నిన్నటిదాకా సర్పంచ్ పదవి తమదేనని తిరిగిన మగవాళ్లు ఇంటికెళ్లి భార్య ఓటరు కార్డు ఎక్కడ పెట్టిందో వెతుకుతారు.

చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ గడి తయారైన తీరు మీదే ధ్యాస. ప్రభుత్వ పదవుల్లో, సైన్యంలో తొలి అడుగు వేసిన మహిళల గురించి రాసేటప్పుడు మనకు ఒక పేరు, ఒక ఫొటో, ఒక సంవత్సరం చాలనిపిస్తుంది. 'తొలి మహిళ' అని శీర్షిక పెట్టి ఊరుకుంటాం. ఆమె లోపలికి వెళ్లడానికి దారి ఎవరు చేశారో, ఏ కొలతలతో చేశారో చెప్పం. వెతికితే ఆ దారి చాలాసార్లు చట్టంలోని ఒక అర వాక్యం. ఆ వాక్యాన్ని భాగాలుగా విప్పి చూస్తే గానీ రాసినవాళ్ల నేర్పు కనపడదు.

అప్పట్లో కొత్తచెరువు ఉన్న అనంతపురం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి మన కథ మద్రాసులో మొదలవుతుంది. 1919 భారత ప్రభుత్వ చట్టం కింద వచ్చిన ఎన్నికల నియమాలు ఆడవాళ్లకు ఓటు లేదన్నాయి. అయితే ఆ నిషేధం పక్కనే ఒక వెసులుబాటు ఉంచాయి: ఏ రాష్ట్ర శాసనమండలి అయినా తీర్మానం చేసి ఆ అనర్హతను తీసేయవచ్చు. లండన్ పార్లమెంటు మళ్లీ కూర్చోనక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. స్థానిక మండలిలో చేతులెత్తితే చాలు. 1921లో మద్రాసు మండలి ఆ పని చేసింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. ఆస్తి, పన్ను షరతులు అలాగే ఉన్నాయి కనుక ఓటు దక్కిన ఆడవాళ్లు కొద్దిమందే. పైగా ఓటు వేయడం వేరు, సభలో కూర్చోవడం వేరు. ఆ రెండో అడ్డు తొలగడానికి 1926 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు మండలిలోకి నామినేట్ అయి వచ్చి, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. పుస్తకాల్లో 1927 అన్న తేదీ ఉంటుంది. దాని కింద 1919, 1921, 1926 అని మూడు వరుసల పునాది ఉంది.

ఇలాంటి పనిలో నిజమైన చేయి తిరిగిన మనిషి తెలుగునాట పుట్టింది. రాజ్యాంగ సభ చర్చల ప్రతుల్లో ఆమె పేరు 'శ్రీమతి జి. దుర్గాబాయి' అని ఉంటుంది. మనకు తెలిసిన దేశ్‌ముఖ్ అన్న ఇంటిపేరు తర్వాత వచ్చింది; చింతామణి దేశ్‌ముఖ్‌తో పెళ్లి 1953లో, అంటే రాజ్యాంగం పని ముగిశాక. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభ వేళ ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్ లేదని నెహ్రూను ఆపేసిన బాలిక కథ బడిపిల్లలకు కూడా తెలుసు. అది మంచి కథే, కానీ ఇరవై ఏళ్లు పైబడ్డాక ఆమె చేసిన పని ముందు అది చిన్నది. ఎనిమిదేళ్లకు పెళ్లి, ఉప్పు సత్యాగ్రహంలో జైలు, ఆ తర్వాత చదువు. మెట్రిక్ బెనారస్‌లో, బీఏ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1942లో మద్రాసులో లా డిగ్రీ. రాజ్యాంగ సభలో ఉన్న పదిహేనుమంది మహిళల్లో ఒకరు. సభాధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ. హిందూపురం నుంచి కల్లూరు సుబ్బారావు కూడా ఆ సభలో ఉన్నారు కాబట్టి మన పీఠభూమి గొంతు కూడా అక్కడ ఉన్నట్టే.

సవరణ అంటే ఏమిటో, ఎలా చేస్తారో ముందు చూద్దాం. 1948 ఫిబ్రవరిలో 315 అధికరణాలతో ముసాయిదా తయారైంది. సభ్యులు తమకు నచ్చని చోట మార్పు కోరుతూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులకు వరుస నంబర్లు వేసి జాబితాగా అచ్చు వేస్తారు. అధికరణం చర్చకు వచ్చిన రోజు పేరు పిలిస్తే లేచి, 'ఫలానా నిబంధనలో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు' అని ప్రతిపాదించాలి. తర్వాత ముసాయిదా కమిటీ తరఫున అంబేద్కర్ ఒప్పుకుంటారు, లేదా ఒప్పుకోరు. ఆపైన ఓటు. దాఖలైన సవరణలు సుమారు 7,635 అని, నిజంగా ప్రతిపాదించినవి 2,473 అని అంబేద్కరే 1949 నవంబర్ 25న లెక్క చెప్పారు. అంటే మూడింట రెండు వంతులు సభలో నోరు తెరవకుండానే రాలిపోయాయి. నిలవాలంటే సవరణ చిన్నగా ఉండాలి, చుట్టూ ఉన్న వాక్యానికి అతకాలి, ముసాయిదా కమిటీ తలనొప్పిని పెంచకుండా పని మాత్రం మార్చాలి.

దుర్గాబాయి చేసింది అదే. 1948 డిసెంబర్‌లో మతస్వేచ్ఛ అధికరణం మీద చర్చ. హిందువుల సార్వజనిక ధార్మిక సంస్థలను తెరిచే చట్టాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని ముసాయిదా చెబుతోంది. ఎవరికి తెరవాలి? 'ఏదైనా ఒక తరగతికి లేదా వర్గానికి' అని అందులో ఉంది. పైకి ఉదారంగానే కనపడే మాట. వకీలు కన్నుతో చదివితే లోపం తెలుస్తుంది. ఒక కులానికి గుడి తలుపు తీసి, పక్క కులాన్ని బయటే నిలబెట్టే చట్టం కూడా ఆ మాటలకు లోబడే ఉంటుంది. ఆమె కోరిన మార్పు: ఆ చోట 'అన్ని తరగతులకు, వర్గాలకు' అని పెట్టండి. మిగతా వాక్యాన్ని ముట్టుకోలేదు. ఈనాటి 25వ అధికరణంలో ఆమె కోరినట్టే ఉంది.

రెండోది అంకెల మీద. 1949 మేలో పార్లమెంటు సభ్యుల అర్హతలు చర్చకు వచ్చాయి. దిగువ సభకు 25 ఏళ్లు, ఎగువ సభకు 35 ఏళ్లు అని ప్రతిపాదన. 35కు బదులు 30 అనమని ఆమె సవరణ. వయసు పెరిగితే వివేకం వస్తుందన్న నమ్మకాన్ని ఆమె గౌరవంగానే పక్కకు నెట్టి, ఇప్పటి పిల్లలు, ఆడపిల్లలతో సహా, బాధ్యతలు ముందే ఎరిగి ఉన్నారని వాదించింది. అప్పటికి ఆమె వయసు నలభై దాటలేదు. అంబేద్కర్ ఒప్పుకున్నారు. రాజ్యసభకు ఇవాళ్టి 30 ఏళ్ల నిబంధన అక్కడి నుంచి వచ్చిందే. చదువు, పెళ్లి, పిల్లలు అంటూ ముప్పైల్లోకి వచ్చే ఆడమనిషికి ఐదేళ్ల తేడా ఎంతో ఊహించుకోవచ్చు. ఒక అంకె మీద గీత కొట్టి ఇంకో అంకె రాయడంలో ఇంత మంది జీవితాలు పడతాయని ఆమెకు తెలిసే ఉంటుంది. పనివాళ్లకు తాము ఎక్కడ తాకుతున్నారో తెలుస్తుంది.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. ఆ సభలోని మహిళలు తమకు రిజర్వుడు సీట్లు కావాలని అడగలేదు. తామెప్పుడూ ప్రత్యేక సౌకర్యాలు కోరలేదని సభ్యురాలు హంసా మెహతా 1946లోనే సభలో చెప్పారు. సమాన హక్కు ఇస్తే మిగతాది తామే చూసుకుంటామన్న ఆత్మగౌరవం అది. అయినా తొలి లోక్‌సభలో మహిళలు సుమారు 5 శాతమే. ఆ ఆత్మగౌరవాన్ని తప్పుపట్టను. కానీ దుర్గాబాయి లాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ పుట్టాలని చట్టం ఎదురుచూడలేదు కదా.

సైన్యం దగ్గర కథ ఇంకా బిగువుగా ఉంది. 1950 సైనిక చట్టంలోని 12వ సెక్షన్ మహిళలు సైన్యంలో చేరడానికి అర్హులు కారని మొదలవుతుంది. అదే వాక్యంలో, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా పేర్కొన్న విభాగాల్లో తప్ప అని మినహాయింపు. 1919 నియమాల అచ్చే ఇక్కడా ఉంది: మూసిన చోటే తెరిచే వీలు. ఇలాంటి మినహాయింపు గొప్పతనం అంతా ఒక్కటే, పార్లమెంటును కదిలించకుండా ఒక సంతకంతో పనవుతుంది. దాని బలహీనత కూడా అదే, ఆ సంతకం పెట్టకుండా ఎంతకాలమైనా కూర్చోవచ్చు. వైద్య, నర్సింగ్ విభాగాలు దాటి ఇతర విభాగాల్లో మహిళా అధికారులకు చోటిచ్చే నోటిఫికేషన్ 1992 జనవరి 30న గానీ రాలేదు. నలభై రెండేళ్లు పట్టింది.

ఆ మధ్యకాలంలో వైద్యం, నర్సింగే దారి. తిరుపతిలో 1944లో పుట్టిన పద్మావతి వైద్యం దారిలోనే వెళ్లింది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి, 1968లో వైమానిక దళంలో చేరింది. పద్మా బందోపాధ్యాయ అన్న పేరుతో దేశమంతా ఆమెను ఎరుగుదురు. ఆమె ఎంచుకున్నది విమానయాన వైద్యం. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. అది తగ్గుతున్నట్టు పైలట్‌కు నొప్పి తెలియదు, పైగా మనసు హుషారుగా ఉన్నట్టు కూడా అనిపించవచ్చు. తీర్పు చెడిపోయాక గానీ సంగతి బయటపడదు. అందుకే భూమ్మీదే గాలి తగ్గించిన గదిలో కూర్చోబెట్టి ఎవరి శరీరం ఏ గుర్తుతో హెచ్చరిస్తుందో వాళ్లకే తెలిసేలా చేస్తారు. ఒకరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఇంకొకరికి రంగులు మసకబారతాయి. మనిషి ఒంటికున్న హద్దులను కొలిచే ఈ శాస్త్రంలో ఆమె పేరు తెచ్చుకుంది. 2002లో ఎయిర్ వైస్ మార్షల్, 2004లో ఎయిర్ మార్షల్. వైమానిక దళంలో ఆ రెండు హోదాలకూ చేరిన తొలి మహిళ. 2020లో పద్మశ్రీ. అదే 2020 ఫిబ్రవరి 17న, సైన్యంలోని ఆ తర్వాతి తరం మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు బబితా పునియా కేసులో తీర్పు చెప్పింది. సైనిక చట్టంలోని 12వ సెక్షన్ మారలేదు. సంతకాన్ని ఎవరు ఆపుతున్నారో అడిగే చోటు మారింది, అంతే.

ఇప్పుడు మన గడి దగ్గరకు వద్దాం. పంచాయతీల గురించి చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ ఇద్దరు మహిళలను కోఆప్ట్ చేసుకోమంది, అంటే గెలిచిన మగవాళ్లు తమకు నచ్చిన ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టడం. ఆ పిలుపుకు విలువెంతో ఊళ్లలో అందరికీ తెలుసు. 73వ సవరణలోని 243డి అధికరణం పిలుపును తీసేసి లెక్కను పెట్టింది.

లెక్క ఇలా సాగుతుంది. మొదటి క్లాజు ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో సీట్లు ఇస్తుంది. రెండోది ఆ సీట్లలో కనీసం మూడో వంతు ఆ వర్గాల మహిళలవేనంటుంది. మూడోది మొత్తం సీట్లలో కనీసం మూడో వంతు మహిళలకు అంటూ, రెండో క్లాజులో ఇచ్చినవి కూడా ఇందులోనే కలిపి లెక్కపెట్టమంటుంది. ఒక పెట్టె లోపల ఇంకో పెట్టె అమరినట్టు కాకుండా విడివిడిగా రాసి ఉంటే ఏమయ్యేది? మహిళల కోటా మొత్తం ఊళ్లో పలుకుబడి ఉన్న ఇళ్లకే పోయేది. రెండో క్లాజు ముందు రావడం వల్ల దళిత, గిరిజన మహిళల భాగం మొదటే స్థిరపడింది.

'తక్కువ కాకుండా' అన్న షరతు చేసే పని చూడండి. 13 వార్డులున్న పంచాయతీ తీసుకుందాం. మూడో వంతు అంటే 4.33. నాలుగు ఇస్తే తక్కువవుతుంది, కాబట్టి ఐదు ఇవ్వాల్సిందే. భిన్నం ఎటు ఒరగాలో తగువుకు చోటు లేదు. అంతకన్నా ముఖ్యం, అది కింది హద్దు మాత్రమే. పై హద్దు పెట్టలేదు. అందుకే రాజ్యాంగాన్ని మళ్లీ సవరించకుండానే మన రాష్ట్రం 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని మార్చి మహిళల వాటాను సగానికి పెంచగలిగింది. 2013 ఎన్నికలు ఆ లెక్కతోనే జరిగాయి. అదే 13 వార్డుల పంచాయతీలో ఇప్పుడు ఏడు.

నాలుగో క్లాజు అధ్యక్ష పదవుల గురించి. ఇది లేకపోతే వార్డు సభ్యుల్లో సగంమంది ఆడవాళ్లున్నా కుర్చీ మాత్రం మగవాళ్ల చేతిలోనే ఉండేది. ఒక సున్నితమైన తేడా ఉంది. వార్డు సీట్లను వంతులవారీగా తిప్పవచ్చు అని మూడో క్లాజు అంటే, అధ్యక్ష పదవులను తిప్పి తీరాలని నాలుగో క్లాజు అంటుంది. వార్డుకు వీలు, సర్పంచ్ పదవికి విధి. ఎక్కడ పట్టు బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో రాసినవాళ్లకు తెలుసు.

చెరువు కింద నీరుగంటి నీళ్లు తిప్పడం చూసిన మన సీమవాళ్లకు ఈ వంతు అర్థం కావడం కష్టం కాదు. తూముకు దగ్గరున్న మడి బలంగా ఉందని నీళ్లన్నీ దానికే పోనివ్వడు. చివరి మడి రైతు పేదవాడైనా అతని వంతు అతనికి వస్తుంది. అడగకుండా, బతిమాలకుండా. 'మహిళ' అన్న గడి ఏ ఊరి మగవాళ్ల దయతోనూ రాదు, వరుసలో వస్తుంది. దుర్గాబాయికి సభలో లేచి మాట్లాడే ధైర్యం కావాల్సి వచ్చింది; ఈ సీటుకు మొదటి రోజున అంత ధైర్యం అక్కర్లేదు. బరిలో ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే అయినప్పుడు ఎవరో ఒకరు గెలిచి తీరాలి.

గెలిచినామె కుర్చీలో కూర్చుంటుందా, భర్త కూర్చుంటాడా అన్నది వేరే సంగతి. సర్పంచ్ భర్త అన్న అనధికార హోదా మన దగ్గర కొత్తేమీ కాదు. చట్టం సీటు ఇస్తుంది. పెన్ను ఎవరి చేతిలో ఉందో ప్రతిరోజూ వచ్చి చూడదు. ఎన్నికల తేదీ విషయంలో కూడా పట్టు సడలింది. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరపాలని 243ఇ చెప్పినా మన పంచాయతీలకు 2011లో తీరిన గడువుకు 2013లో, 2018లో తీరిన గడువుకు 2021లో ఎన్నికలు జరిగాయి. వంతు ఎంత చక్కగా రాసినా తూము తీయాల్సిన మనిషి ఆలస్యం చేస్తే మడి ఎండుతుంది.

అయినా సీటు పని చేస్తోందనడానికి కొలతలున్నాయి. పరిశోధకులు రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల పంచాయతీలను పరిశీలించి 2004లో ప్రచురించారు. ఏ ఊరికి మహిళా రిజర్వేషన్ రావాలో ఎవరి ఇష్టంతోనూ నిర్ణయం కాదు కనుక, వచ్చిన ఊళ్లను రాని ఊళ్లతో నిజాయితీగా పోల్చవచ్చు. వంతు పద్ధతిలో పరిశోధకులకు దొరికిన వరం అది. రెండు చోట్లా మహిళలు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీలు తాగునీటి మీద ఎక్కువ ఖర్చు పెట్టాయి. ఆ రెండు చోట్లా ఆడవాళ్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది నీళ్ల గురించే. రోడ్ల దగ్గర మాత్రం బెంగాల్‌లో ఎక్కువ, రాజస్థాన్‌లో తక్కువ, అక్కడి ఆడవాళ్ల అవసరాన్ని బట్టి. బోర్లు అడుగంటే మన పీఠభూమిలో బిందె ఎవరి నడుం మీద ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

వంతు పద్ధతికి ఒక నష్టం ఉంది. పని నేర్చుకునేలోపు గడువు అయిపోతుంది, తర్వాతిసారి సీటు జనరల్ అయితే ఆమెను పక్కన పెడతారు. తమిళనాడు అందుకే ఒకే రిజర్వేషన్‌ను వరుసగా రెండు ఎన్నికలకు ఉంచింది. డుఫ్లో బృందమే బెంగాల్ మీద 2009లో ప్రచురించిన మరో అధ్యయనం దీనికి బలమిస్తుంది: వరుసగా రెండుసార్లు మహిళా అధ్యక్షురాలిని చూసిన పంచాయతీల్లో ఆ తర్వాత రిజర్వేషన్ లేని సీట్లలో కూడా మహిళలు నిలబడి గెలిచే అవకాశం పెరిగింది. ఒక్కసారి చూస్తే జనం అలవాటుపడలేదు. రెండోసారికి పడ్డారు.

ఐదో క్లాజును చాలామంది చదవరు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు 334వ అధికరణం పెట్టిన కాలపరిమితి పంచాయతీలకూ వర్తిస్తుందని చెబుతూ, అధ్యక్ష పదవుల దగ్గరకొచ్చేసరికి మహిళల రిజర్వేషన్ తప్ప అని ఒక మినహాయింపు పెట్టింది. 1919లో, 1950లో మినహాయింపు ఆడవాళ్లను కొంచెంగా లోపలికి రానివ్వడానికి వాడారు. ఇక్కడ వాళ్లను బయటికి పంపకుండా ఉండటానికి వాడారు. పంచాయతీల్లో మహిళల వాటాకు ముగింపు తేదీ లేదు. లోక్‌సభ, శాసనసభల కోసం 2023లో వచ్చిన 106వ సవరణలో ఆ జాగ్రత్త కనపడదు. అది జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాక మొదలవ్వాలి, పదిహేనేళ్లకు ముగియాలి, సీట్లు మారడం కూడా పునర్విభజన జరిగినప్పుడే. ఒకే పని కోసం ముప్పై ఏళ్ల తేడాతో రాసిన రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఎక్కువ నేర్పు గ్రామానికే దక్కిందని నా అభిప్రాయం.

వయసు సంగతి కూడా అలాంటిదే. శాసనసభకు 25 ఏళ్లు కావాలి. పంచాయతీ దగ్గర మాత్రం 21 నిండితే చాలని 243ఎఫ్ చెబుతోంది. డిగ్రీ పూర్తిచేసి పుట్టపర్తిలోనో ధర్మవరంలోనో ఉద్యోగం వెతుక్కుంటున్న కొత్తచెరువు అమ్మాయి, వచ్చే జాబితాలో తన ఊరికి 'మహిళ' అని వచ్చినా రాకపోయినా నామినేషన్ వేయవచ్చు. 243డి అధికరణం సీట్లను కేటాయిస్తుంది గానీ, జనరల్ సీట్ల నుంచి ఆడవాళ్లను ఎక్కడా బయట పెట్టదు.